శక్తిమాన్ ఇంటికొచ్చింది: పేర్లు రాయొద్దన్న అందరికీ పేరుపేరునా థ్యాంక్స్

మొత్తానికి మా శక్తిమాన్, అదే నేను కొన్న పాత మిలటరీ ట్రక్కు, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ నుంచి పెనుగొండ పక్కన మా ఊరికి తన చక్రాల మీద తనే నడిచి వచ్చేసింది. ట్రైలర్ మీద ఎక్కించి తెచ్చుకోమని చాలామంది చెప్పారు, మంచి సలహానే, కానీ ఆ కిరాయి డబ్బుతో ఇక్కడ కొత్త టైర్లు వేయించుకోవచ్చని నా లెక్క. సాయం చేసినవాళ్ళకి ఫోన్లో థ్యాంక్స్ చెప్తే "ఊరుకోవయ్యా" అని పెట్టేస్తున్నారు, అందుకని ఇక్కడ రాస్తున్నా.

బండి సంగతి తెలియని కుర్రాళ్ళకి రెండు ముక్కలు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద జబల్‌పూర్‌లో 1959లో తయారీ మొదలుపెట్టారు, 1996 దాకా చేశారు. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన, ముందు చక్రాలకీ ఇంజన్ బలం అందే ఫోర్ బై ఫోర్ ట్రక్కు. స్టాలియన్లనే కొత్త ట్రక్కులు వచ్చాక వీటిని మిలటరీ వాళ్ళు లాట్లుగా వేలం వేసేశారు. నాది అలా ఎప్పుడో వేలంలో పోయి, సివిల్ నంబరు వేయించుకుని, చాలా ఏళ్ళు కలప మోసి, ఆ తర్వాత ఒక షెడ్డులో పడుకున్న బండి.

మొదటి దండం మిలటరీ మాధవరం బాబాయి గారికి. తాడేపల్లిగూడెం పక్కన ఉన్న ఆ ఊరి గురించి మన జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు, ప్రపంచ యుద్ధాల నాటి నుంచి ఇంటికొకరు చొప్పున పట్టాళానికి వెళ్ళిన ఊరు. ఈయన ఈఎంఈలో, అంటే సైన్యంలో బళ్ళు రిపేరు చేసే విభాగంలో, సర్వీసంతా శక్తిమాన్ల కింద పడుకునే గడిపానంటారు. నేను అడిగింది ఫోన్లో నాలుగు సలహాలు. ఆయనేమో "చూడకుండా ఏం చెప్తాం అబ్బాయ్" అని స్పానర్ల సంచి సర్దుకుని, ఆ వయసులో, బస్సెక్కి జగదల్‌పూర్ వచ్చేశారు.

వచ్చీ రాగానే ఇంజన్ స్టార్ట్ చేయిస్తారనుకున్నా. అసలు తాళం ముట్టుకోనివ్వలేదు. ముందు డీజిల్ ట్యాంకు ఖాళీ చేయించారు, అడుగున నల్లటి మడ్డి, తుప్పు. తర్వాత యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ కింద ప్లగ్గు విప్పి ఆయిల్ చూశారు. అది మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టట, వెనకది బాగానే ఉంది, ముందుది తెల్లగా వచ్చింది, మార్చాం. బ్రేకు గొట్టాల్లో రబ్బరువి అన్నీ తీసి పారేయించారు, బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఉంటాయట. టైర్ల విషయంలో నాకు కళ్ళు తెరిపించారు. గాడులు లోతుగా ఉన్నాయని నేను మురిసిపోతుంటే, పక్క గోడ మీద అచ్చేసిన నాలుగంకెలు చదవమన్నారు: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చదివాక నోరు పడిపోయింది. గాడులున్న టైరైనా ఏళ్ళ తరబడి ఎండలో నిలబడితే పగుళ్ళిచ్చి లోడు మీద పేలిపోతుంది. అన్నిటికంటే పాత రెండూ అక్కడే మార్చాం. ఆ పంక్చర్ షాపు తమ్ముడికి కూడా థ్యాంక్స్, టైరుని ఇనప రింగు పట్టి ఉంచే లాక్ రింగు రిమ్ము కదా, గాలి మొత్తం తీసేదాకా రింగు మీద సుత్తి వెయ్యనివ్వలేదు. రింగు ఎగిరితే ప్రాణం పోతుంది, ఇది లారీ వాళ్ళకి తెలుసు, కొత్తగా కొనేవాళ్ళకి తెలీదు.

బండి నడిపింది తణుకు వైపు నుంచి వచ్చిన అన్నయ్య, ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే విభాగంలో, డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, హెవీ లైసెన్స్ ఆయనకే ఉంది. దర్భా ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదని చెప్పారు. తారు రోడ్డు మీద ముందు యాక్సిల్ కలపనివ్వలేదు, గట్టి నేల మీద మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగలేక గేర్ల మీద ఒత్తిడి పడుతుందట, అది బురదకీ ఇసకకీ మాత్రమే. ఆగిన ప్రతిచోటా బాబాయి గారు దిగి చక్రాల మధ్యనుండే హబ్బులు చేత్తో తడిమేవారు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందని అర్థం.

సుక్మా, కుంట, చింతూరు దాకా ఇబ్బంది లేదు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ దమ్ము పోయి ఆయాసపడి ఆగిపోయింది. ఎంత కడిగినా ట్యాంకులో మిగిలిన మడ్డి ఫిల్టర్‌కి పట్టేసింది. ఫోన్ సిగ్నల్ లేదు, మలుపులో బండి, నాకైతే టెన్షన్‌తో చెమటలు. వెనకొచ్చిన ఒడిశా నంబరు లారీ డ్రైవరు ఎవరూ అడక్కుండానే దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టి, కొంచెం కిందికి క్లీనర్‌ని పంపించి వచ్చే బళ్ళని నెమ్మది చేయించాడు. ఫిల్టర్ మార్చి, హ్యాండ్ పంపు కొడుతూ డీజిల్ గొట్టాల్లో గాలి పోయేదాకా బ్లీడింగ్ చేసే వరకూ అతను కదల్లేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. భాయ్, నువ్విది చదవలేవు, అయినా రాస్తున్నా. తర్వాత బొంగు చికెన్ కూడా తినకుండా నేరుగా రాజమండ్రి దిగిపోయాం. అది నాకింకా బాధే.

జొన్నాడ వంతెన దాటి రావులపాలెం, సిద్ధాంతం మీదుగా పెనుగొండ రోడ్డెక్కేసరికి పిల్లలు సైకిళ్ళ మీద వెంటపడ్డారు. కాగితాల పనంతా, అంటే ఫారం 28 పెట్టి ఛత్తీస్‌గఢ్ నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ కాగితం తేవడం, ఇక్కడ మళ్ళీ నంబరు, ఫిట్‌నెస్, చూస్తున్నది నా టెన్త్ క్లాస్‌మేటు. ఒరేయ్, నీ రుణం మామూలుగా తీరదు.

ఫొటో చూసి మిలటరీ గ్రీన్ వేయించమని అడిగినవాళ్ళకి: కుదరదు. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 121వ రూలు ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బళ్ళకే. ఇటుక రంగు వేయిస్తున్నా, మా ఆవిడ సెలక్షన్.

బాబాయి గారు బస్సు చార్జీ కూడా తీసుకోలేదు, "పింఛను వస్తోంది కదరా" అన్నారు. మీ అందరికీ నేను చెయ్యగలిగింది ఒకటుంది. ధాన్యం తడిసేలా ఉన్నప్పుడు గాని, వరదొచ్చి లంకల్లోంచి సామాను, పశువుల మేత తేవాల్సినప్పుడు గాని బండి అడగండి, డీజిల్ నేనే పోస్తాను. నీళ్ళు బంపర్ ఎక్కేలా ఉంటే మాత్రం పడవే దిక్కు, పంతానికి పోను. డ్రైవరుగా తణుకు అన్నయ్య ఖాళీగా ఉండాలి, లేదా నాకు హెవీ లైసెన్స్ వచ్చేదాకా ఆగాలి.