మా అబ్బాజాన్ మళ్లీ గుట్ట ఎక్కారు

నిన్న మా అబ్బాజాన్ నల్లగొండలో లతీఫ్ సాహెబ్ దర్గా ఉన్న గుట్ట ఎక్కి వచ్చారు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు, కానీ పైదాకా ఎక్కారు. నల్లగొండ వాళ్లకు ఆ మెట్ల సంగతి తెలుసు. పోయిన ఉర్సుకు అవే మెట్ల మీద, సగం దూరంలో, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయిన మనిషి ఆయన. దర్గా ముందు నిలబడి దువా చేస్తుంటే చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు. సాయం చేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాం. అయినా నా మనసు నిండలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో ఆ నొప్పిని మేమెవరం గుండెనొప్పి అనుకోలేదు. మెట్లెక్కితే బరువుగా ఉండేది, కూర్చుంటే తగ్గేది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే గ్యాస్ అని సిరప్ రాసిచ్చారు. మేమూ నమ్మాం. అబ్బాజాన్‌కు 51 ఏళ్లు, రోజంతా కుట్టు మిషన్ మీద పని, సన్నటి మనిషి. సన్నగా ఉన్నవాళ్లకు కొవ్వెక్కడిది అనే మాట మా బస్తీలో ప్రతి ఇంట్లో వింటాం.

నెల తిరగకుండానే ఒక రాత్రి రెండు గంటలకు ఒళ్లంతా చెమటలు పట్టి, ఎడమ దవడ లాగుతోందన్నారు. తెల్లారనిచ్చి చూద్దామన్నాడు మా అన్నయ్య. పక్కింటి ఆటో అన్న మాత్రం ఒప్పుకోలేదు. "తెల్లారేదాక ఏం చూస్తవ్, ఎక్కించు" అని కసిరి, అబ్బాజాన్‌ను తనే పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టి, పది నిమిషాల్లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో దింపాడు. వెళ్లగానే ఈసీజీ తీసి, రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుందట. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లకు, సిస్టర్లకు, స్ట్రెచర్ తోసిన అన్నకు మా ఇంటిల్లిపాది సలాం.

స్టెంట్ హైదరాబాద్‌లో వేశారు. పాలమూరులో ఉండే మా ఫుప్పు, అంటే మేనత్త, "రేషన్ కార్డు మర్చిపోకండి" అని దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట పెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. ఆ కొత్తలోనే తన భర్త, మా ఫూఫాకు ఆపరేషన్ చేయించింది కాబట్టి ఆమెకు ఆ పనులన్నీ తెలుసు. ఖర్చు టెన్షన్ లేకుండా గడిచింది.

అసలు కృతజ్ఞత చెప్పుకోవాల్సిన సంగతి ఆ తర్వాతిది. డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ రిపోర్టు చూపించారు. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 204, మంచిది అనే హెచ్‌డీఎల్ 31. మగవాళ్లకు హెచ్‌డీఎల్ 40 కంటే తగ్గకూడదు. స్టెంట్ పడ్డాక ఎల్‌డీఎల్‌ను 70 కంటే కిందికి తేవాలన్నారు. మా అమ్మీ వెంటనే "ఇక ఇంట్లో మాంసం వండను" అంది. ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయంతో పాటు మన ఒళ్లే తయారు చేసుకుంటుందని, కొందరికి వంశంలోనే ఎక్కువగా ఉంటుందని, మగవాళ్లకు 55 లోపు గుండెపోటు వస్తే వాళ్ల పిల్లలకూ తోబుట్టువులకూ తప్పకుండా పరీక్ష చేయించాలని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు.

చేయించాం అనుకున్నారా? లేదు. అన్నయ్యకు 29 ఏళ్లు, మొబైల్ షాపు వదిలి రాడు. నాకేమో పరీక్ష అంటేనే భయం. మా బస్తీ ఆడవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు: జ్వరమొస్తే తప్ప దవాఖానకు పోరు, బాగున్నప్పుడు రక్తం ఇవ్వడమంటే అపశకునంలా చూస్తారు. కొలెస్ట్రాల్ ఎంత పెరిగినా నొప్పి తెలియదు, తల తిరగదు. పరీక్ష తప్ప దాన్ని కచ్చితంగా తెలుసుకునే దారి లేదు.

ఇది చూసి మా ఆశా అక్క ఊరుకోలేదు. "మీరు రాకపోతే మేమే వస్తం" అని ఏఎన్ఎం సిస్టర్‌తో, పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టర్‌తో మాట్లాడి, మస్జిద్ కమిటీని కలిసింది. వచ్చేది రంజాన్. తెల్లవారుజామున తినే సెహ్రీ తర్వాత ఎవరూ ఏమీ తినరు కాబట్టి పరగడుపు పరీక్షకు అంతకంటే మంచి సమయం ఏముంటుందని ఆలోచన చేసింది ఆమే. ఆమె మా మతం కాదు, మా రోజా (ఉపవాసం) వేళలు మాత్రం మాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. అక్కా, ఆ మాట తలచుకున్నప్పుడల్లా నీకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

రక్తం ఇస్తే రోజా పోతుందేమోనని చాలామందికి అనుమానం. ఇమామ్ సాబ్ జుమ్మా నమాజు తర్వాత మైకులో, పరీక్ష కోసం కాస్త రక్తం తీస్తే రోజా పోదని చెప్పి, ఆ రోజు అసర్ (సాయంత్రం నమాజు) తర్వాత మొదటి కుర్చీలో తనే కూర్చున్నారు. ఆయన వెనకాల లైను కట్టింది. ఆడవాళ్లకు మదర్సా గదిలో పరదా కట్టి, సిస్టర్లే రక్తం తీశారు. మా నానీమా కూడా చేయి చాచింది! శాంపిళ్లు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు వెళ్లాయి, రిపోర్టులు ఫోన్లకు వచ్చాయి. ఒక్క రూపాయి తీసుకోలేదు.

నాది బాగానే ఉంది. అన్నయ్యది ఎల్‌డీఎల్ 212. వాడి కనురెప్పల మూలల్లో పసుపు పచ్చగా చిన్న మచ్చలున్నాయి, పుట్టుమచ్చల్లాంటివే అనుకునేవాళ్లం. డాక్టర్ వాటిని చూడగానే కొవ్వు పేరుకుంటే అలా వస్తాయని, అబ్బాజాన్ నుంచి వచ్చి ఉండొచ్చని, అలా వచ్చే రకమైతే ఒక్కో బిడ్డకు సగానికి సగం అవకాశం ఉంటుందని చెప్పారు. రోజూ రాత్రి అటోర్వాస్టాటిన్ గోలీ రాశారు. మూడు నెలలకు 102కు దిగింది. ఆ సాయంత్రం ఆ కుర్చీ మా గల్లీలోకి రాకపోయి ఉంటే అన్నయ్య కూడా ఏదో ఒక రాత్రి ఛాతీ పట్టుకునేవాడు. ఆ తలపు వస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కొంచెం బాగవగానే గోలీలు కిడ్నీలను పాడుచేస్తాయని ఎవరో చెబితే అబ్బాజాన్ నాలుగు రోజులు మానేశారు. ఆశా అక్క వచ్చి ఖాళీ స్ట్రిప్ చూపించమని అడిగి, దొరికాక బాగా మందలించింది. డాక్టర్ ఆపమనేదాకా ఆపకూడదట. ఇప్పుడు ప్రతి నెలా చూస్తుంది.

మస్జిద్‌లో ఇఫ్తార్ వండే కుటుంబానికీ థ్యాంక్స్. మిర్చీలు, పకోడీలు కాల్చిన నూనెలోనే మళ్లీ కాల్చడం మానేసి, శనగ గుగ్గిళ్లు, పండ్లు పెట్టారు. బగారాలో డాల్డా కూడా బంద్. మా ఇంట్లో మాంసం మానలేదు, కొవ్వు తీసేసి వారానికి ఒకసారి వండుకుంటున్నాం.

ఆటో అన్నకు ఆ రాత్రి కిరాయి ఇవ్వబోతే చేయి వెనక్కి తోశాడు. ఆయనకు 46 ఏళ్లు, ఇంతవరకు ఒక్కసారీ కొలెస్ట్రాల్ చూపించుకోలేదు. సోమవారం పొద్దున పరగడుపున రమ్మన్నాను. ఆరోగ్య కేంద్రానికి ఈసారి ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఆటో మా అన్నయ్య నడుపుతాడు.