పులిహోరకి ‘తగినంత’ అంటే ఎంత?

సంపాదకులకు,

పండగ వస్తోందంటే మన పత్రికల వంటల పేజీల్లో పులిహోర తప్పదు. ‘బియ్యం రెండు గ్లాసులు, చింతపండు నిమ్మకాయంత, ఉప్పు తగినంత, నూనె సరిపడా’ అని రాస్తారు. ఏ గ్లాసు? ఏ నిమ్మకాయ? చెయ్యి తిరిగినవాళ్లకు ఆ వివరం అక్కర్లేదు, ఆ మాటకొస్తే ఆ పేజీయే అక్కర్లేదు. దాన్ని ముందు పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేది మొదటిసారి చేసేవాళ్లే. తెలియనిది వాళ్లకే, ఆ ‘తగినంత’ ఎంతో. పోనీ మన సంప్రదాయమే అంత అనుకుందామా అంటే, అదీ కాదు. అరసోల, సోల, తవ్వ, మానిక అని పాతకాలం ఇళ్లలో కొలపాత్రలుండేవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కొలిచే ఎసట్లో పోసేవారు.

పులిహోరనే తీసుకుని, ఎలా రాస్తే పనికొస్తుందో చూపించడానికే ఈ ఉత్తరం. నలుగురైదుగురికి లెక్క ఇది: పాత సోనామసూరి బియ్యం 400 గ్రాములు, గింజా పీచూ తీసిన చింతపండు 60 గ్రాములు, నూనె మొత్తం 100 మిల్లీలీటర్లు, మెత్తటి ఉప్పు 3 టీస్పూన్లు, పసుపు ఒక టీస్పూను, పచ్చిమిర్చి 8, గోళీకాయంత బెల్లం. ఉప్పు దగ్గర ‘మెత్తటి’ అన్న మాట వదలకూడదు. రాళ్లుప్పు స్పూనులో గుల్లగా కూర్చుంటుంది, అదే కొలతకు తక్కువ తూగుతుంది. చింతపండు కొత్తదైతే పులిహోర పచ్చగా వస్తుంది, నల్లబడ్డ పాతదైతే ఎంత పసుపు వేసినా మట్టిరంగే.

అన్నం పాడైతే పైన ఏం చేసినా లాభం లేదు. కుక్కర్లో పాత బియ్యానికి గ్లాసుకు గ్లాసూ ముప్పావు నీళ్లు, కొత్త బియ్యమైతే గ్లాసున్నర. మెతుకు రెండు వేళ్ల మధ్య నొక్కితే విరగాలి, పిండిలా సాగకూడదు. ఆవిరి దిగగానే వెడల్పాటి పళ్లెంలోకి తీసేయాలి. కుక్కర్లోనే ఉంచితే ఆ వేడికి అడుగున ఇంకా ఉడికి అతుక్కుంటుంది. పళ్లెంలో పరిచి, అర టీస్పూను పసుపు, నాలుగు రెబ్బల పచ్చి కరివేపాకు వేసి, రెండు పెద్ద స్పూన్ల కాగిన నూనె పైన పోయాలి. పసుపు పచ్చివాసన ఆ నూనెకే పోతుంది, మెతుకు మెతుక్కీ జిడ్డు పట్టి విడివడుతుంది. పూర్తిగా చల్లారేదాకా గరిటె పెట్టకూడదు. పులిహోర ముద్దయిందని బాధపడేవాళ్లలో చాలామంది వేడన్నం కలిపినవాళ్లే.

తొందరపడి చెడగొట్టేది పులుసుని. చింతపండు ఒక గ్లాసు వేణ్నీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా పిండి, వడగట్టాలి. స్టీలు గిన్నెలో గానీ రాచిప్పలో (రాతి గిన్నెలో) గానీ ఉడికించాలి. ఇనప మూకుడైతే పులుపు ఇనుముని పట్టుకుని రసం నల్లబడుతుంది, నాలిక్కి ఇనుప రుచి తగులుతుంది. రెండు పెద్ద స్పూన్ల నూనెలో పచ్చిమిర్చి వేయించాలి. చీల్చి వేయాలి సుమా, చీల్చకపోతే కాగిన నూనెలో పేలి మొహాన చిందుతాయి. ఆ పైన చింతపండు రసం, ఉప్పు, మిగిలిన పసుపు, బెల్లం. సన్నటి సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు. మొదట కుతకుతమంటుంది. చిక్కబడేకొద్దీ బుడగలు పెద్దవై టప్‌మని చిమ్ముతాయి. గరిటెతో గీస్తే గిన్నె అడుగు ఓ క్షణం కనిపించి మళ్లీ మూసుకోవాలి, అంచుల చుట్టూ నూనె తేలాలి. అంతకు ముందే దింపితే పచ్చివాసన పోదు, అందులో మిగిలిన నీళ్లు అన్నాన్ని మెత్తబరుస్తాయి, పులిహోర త్వరగా పాడవుతుంది కూడా.

తాలింపు అంటే అన్నీ కలిపి ఒకేసారి నూనెలో పడేయడం కాదు. పల్లీలు నిదానంగా వేగుతాయి కాబట్టి సన్నసెగ మీద ముందు వేయించి పక్కన పెట్టాలి. అదే నూనెలో రెండు స్పూన్ల శనగపప్పు, అది రంగు తిరుగుతుండగా స్పూను మినప్పప్పు, తర్వాత ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు. స్టవ్ కట్టేశాక ఇంగువ, మాడితే చేదెక్కుతుంది. పులుసు మొత్తం ఒకేసారి కుమ్మరించకండి, ముప్పావు వంతు కలిపి రుచి చూడండి. చేత్తో అడుగు నుంచి పైకి తిప్పితే మెతుకు విరగదు. కలిపిన వెంటనే పులుపూ ఉప్పూ ఓ పిసరు ఎక్కువే అనిపించాలి, గంటసేపట్లో అన్నం లాగేసుకుంటుంది. అప్పుడే సరిగ్గా ఉందనిపిస్తే తినే వేళకు చప్పబడుతుంది. పల్లీలు వడ్డించేముందు కలపాలి. మెత్తబడ్డ పల్లీల పులిహోర కన్నా పెరుగన్నం నయం.

గోదావరి జిల్లాల ఆవ పులిహోర కావాలంటే, ఆవపొడి ఒక టీస్పూను కాసిని నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచి, చల్లారిన అన్నంలోనే కలపాలి. ఆవ ఘాటు తడి తగిలాకే పుడుతుంది, వేడికి చచ్చిపోతుంది. వేడి పులుసులో వేసి ‘ఘాటే లేదు’ అనుకోవడం అందుకే.

మిగిలిన పులుసు పొడి సీసాలో పెట్టి తడి స్పూను తగలకుండా చూస్తే ఫ్రిజ్‌లో వారం దాటి ఉంటుంది.

వచ్చే పండగ సంచికలో కొలతలు గ్రాముల్లో, ‘ఇలా కనిపిస్తే దింపండి’ అన్న గుర్తులతో వేయమని మనవి. చోటు చాలకపోతే ఫొటో కాస్త చిన్నది చేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు