తెర వెనుక పనివారి పేర్లు కూడా అచ్చు వేయండి

సంపాదకులకు,

పాత హాలీవుడ్ సంగీత చిత్రాల గురించి మన పత్రికల్లో వ్యాసం వచ్చినప్పుడల్లా తారల అందచందాలకే చోటు దక్కుతోంది. 1957లో స్టాన్లీ డోనెన్ దర్శకత్వంలో వచ్చిన ‘ఫన్నీ ఫేస్’ గురించి రాసేవారు ఆడ్రీ హెప్‌బర్న్ రూపాన్నీ, ఫ్రెడ్ ఆస్టేర్ నాట్యాన్నీ మెచ్చుకుని ఊరుకుంటారు తప్ప, ఆ చిత్రం టైటిళ్లలో కనిపించే మరికొన్ని పేర్ల జోలికి పోరు.

న్యూయార్క్‌లో పుస్తకాల దుకాణంలో పనిచేసే అమ్మాయిని ఒక ఫ్యాషన్ పత్రికవారు పారిస్ తీసుకెళ్లి మోడల్‌ను చేయడం, ఫోటోగ్రాఫర్‌తో ఆమె ప్రేమలో పడడం, స్థూలంగా కథ ఇంతే. నాయికా నాయకుల మధ్య ముప్పై ఏళ్ల తేడా ఉన్నా, మన ప్రేక్షకులకు అది కొత్త కాదు గనుక దాన్ని వదిలేద్దాం. లూవ్ర్ మ్యూజియంలో రెక్కల విజయదేవత శిల్పం వైపు నుంచి ఎర్ర గౌనులో హెప్‌బర్న్, పల్చని ఉత్తరీయాన్ని రెండు చేతులా పైకెత్తి మెట్లు దిగివచ్చే దృశ్యమే ఆ చిత్రానికి ప్రాణం. ఆ గౌను ఫ్రెంచ్ దుస్తుల రూపకర్త హ్యూబర్ట్ ద జివాంషీది. కథలోని ఫోటోగ్రాఫర్ పాత్రకు ఆధారమైన రిచర్డ్ ఎవెడన్ ఈ చిత్రానికి దృశ్య సలహాదారు కూడా. ఇద్దరి పేర్లూ తెరపై ఉన్నాయి. మూడేళ్ల ముందు వచ్చిన ‘సబ్రీనా’లో హెప్‌బర్న్ కట్టిన దుస్తులు కొన్ని జివాంషీవే అయినా ఆయన పేరు వేయలేదు, దుస్తులకు ఆస్కార్ ఎడిత్ హెడ్ ఒక్కరికే వెళ్లింది. ‘ఫన్నీ ఫేస్’ నాటికి ఆస్కార్ నామినేషన్ హెడ్, జివాంషీ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఈ చిత్రంలో తన పాటలు తానే పాడుకున్న హెప్‌బర్న్‌కు 1964లో ‘మై ఫెయిర్ లేడీ’లో చాలావరకు గొంతు ఇచ్చిన మార్నీ నిక్సన్ పేరైతే తెరకెక్కనే లేదు.

మన దగ్గర పరిస్థితి ఇంతకన్నా మెరుగని చెప్పలేం. ‘గాంధీ’ చిత్రానికి జాన్ మోలోతో కలిసి దుస్తులకు ఆస్కార్ అందుకున్న భాను అథైయా, ఆ బహుమతి పొందిన తొలి భారతీయురాలని మన సినీ అభిమానుల్లో ఎందరికి తెలుసు? డబ్బింగ్ కళాకారులకూ, దుస్తుల రూపకర్తలకూ నంది పురస్కారాలు ఇచ్చిన ప్రభుత్వాలే నయం. టీవీలో సినిమా వేసేటప్పుడు చివరి టైటిళ్లు మొదలవుతుండగానే ప్రకటనలోకి దూకుతున్నారు. కథానాయిక కట్టిన గద్వాల చీర గురించి పాటల వేడుకలో గంటసేపు మాట్లాడుకున్నా, దాన్ని నేసిన మగ్గం ఏ ఊరిదో ఒక్క ముక్క రాదు. పరభాషా నటికి తెలుగు గొంతు ఇచ్చిన అమ్మాయి పేరు ప్రేక్షకుడు వెతుక్కోవాల్సిందే.

చానళ్ల సంగతి ఎలా ఉన్నా, మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ సమీక్షల పక్కన ఇచ్చే పట్టికలో నటులు, దర్శకుడు, సంగీతం, ఛాయాగ్రహణం, నిర్మాత పేర్లతో సరిపెడుతున్నారు. వాటి కింద దుస్తులు, డబ్బింగ్, స్టిల్ ఫోటోగ్రఫీ అనే మరో మూడు వరుసలు చేర్చవలసిందిగా, నిర్మాతలు ఆ వివరాలు పంపనిచోట ‘పేర్లు ఇవ్వలేదు’ అని అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ