మాజీ నావికుల సంఘం వార్షిక నివేదిక: ప్రశాంత రేవుల జ్ఞాపకాల సేకరణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం, ఈ సంవత్సరం కార్యవర్గం తన సమయంలో అధిక భాగాన్ని ఒకే పనికి కేటాయించింది. సముద్ర ఉద్యోగంలో ఉన్న కాలంలో మనవాళ్లు చూసిన చిన్న రేవుల గురించి, తీరం కనబడగానే మనసు కుదుటపడిన లంగరు స్థలాల గురించి, వారి నోటనే విని రాసి భద్రపరచడం ఆ పని. నెలవారీ సమావేశాలు, పింఛను పత్రాల విషయంలో సహాయం, అనారోగ్యంతో ఉన్న సభ్యులను పరామర్శించడం యథావిధిగా సాగాయి. వాటి వివరాలు, ఆదాయ వ్యయాల పట్టిక అనుబంధంలో ఉన్నాయి కనుక ఇక్కడ విస్తరించడం లేదు.

2010లో మనీలాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు జూన్ 25ను నావికుల దినోత్సవంగా నిర్ణయించింది. 2011 నుంచి ప్రపంచమంతటా దాన్ని జరుపుకుంటున్నారు. ఈసారి ఆ రోజున ప్రసంగాలు తగ్గించి, సేకరించిన జ్ఞాపకాలను సభ్యుల చేతనే చదివించాము. సభ ముగిశాక కూడా ఎవరూ కుర్చీల్లోంచి లేవకపోవడం చూసి కార్యక్రమం నచ్చిందని భావించాము.

ఏది ప్రశాంత రేవు అన్న ప్రశ్న మొదటి సమావేశంలోనే తలెత్తింది. చిన్నదైతే ప్రశాంతమనుకోవడం సరికాదని వచ్చిన కథనాలే తేల్చాయి. చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరేనాస్ ఒకప్పుడు అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలిపే మెజెల్లాన్ జలసంధి గుండా పోయే ఆవిరి ఓడలు బొగ్గు నింపుకునే రేవు. 1914లో పనామా కాలువ తెరుచుకున్నాక ఆ రద్దీ అటు మళ్లింది. దశాబ్దాల తరువాత అక్కడికి వెళ్లిన మన సభ్యుడికి కనిపించింది విశాలమైన వీధులు, విడవని గాలి, కూడలిలో మెజెల్లాన్ స్మారకం. ఆ స్మారకం పాదపీఠం మీద ఉన్న ఆదివాసి విగ్రహం బొటనవేలిని తాకినవాడు తిరిగి ఆ ఊరికి వస్తాడని నమ్మకం కాబట్టి, వచ్చినవారందరి చేతులూ తగిలి ఆ ఒక్క వేలు మెరుస్తూ ఉంటుంది. తానూ తాకానని, మళ్లీ వెళ్లే అవకాశం మాత్రం రాలేదని ఆయన రాశారు.

రేవు మనకు ఎంతగా గుర్తుండిపోతుందన్నది చాలావరకు ఓడలోని సరుకు మీద ఆధారపడి ఉంటుందని కార్యవర్గం అభిప్రాయం. ధాన్యం ఎక్కించే రేవుల గురించి వచ్చినన్ని కథనాలు మరి దేని గురించీ రాలేదు. తడిసిన ధాన్యం పాడవుతుంది కాబట్టి చినుకు పడగానే సరంగు కేక వేస్తాడు, సరుకు గదుల మూతలైన హాచ్ కవర్లు మూసుకుంటాయి, గోధుమ పోసే గొట్టం ఆగిపోతుంది, దుమ్ముతో తెల్లబడిన డెక్ మీద తొలి చుక్కలు మచ్చలు మచ్చలుగా పడతాయి. అప్పటిదాకా యంత్రాల హోరులో వినబడని కొంగల అరుపులూ, ఒడ్డున ఎవరిదో సైకిల్ గంటా ఒక్కసారిగా వినబడతాయి. వాన వెలిసేదాకా చేయడానికి పని ఉండదు. అనుమతి దొరికినవాడు గొడుగు పట్టుకుని ఊళ్లోకి నడుస్తాడు, దొరకనివాడు ఓడ నుంచి ఒడ్డుకు దిగే గ్యాంగ్‌వే దగ్గర కాపలా కాస్తూ ఊరిని చూస్తాడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ విక్టోరియా ఇలాంటి గోధుమ రేవే. 1949లో పామీర్ అనే తెరచాప ఓడ అక్కడ ధాన్యం నింపుకుని దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి వెళ్లింది. సరుకుతో ఆ దారిన వెళ్లిన చివరి వాణిజ్య తెరచాప ఓడ అదే.

ఆ తరువాత ఏడేళ్లకే, 1956 ఏప్రిల్ 26న, ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటెయినర్లతో, అంటే సరుకు నింపిన పెద్ద పెట్టెలతో, అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. రోజుల తరబడి జెట్టీ పక్కన నిలిచే ఓడలు క్రమంగా గంటల లెక్కన కదలడం అప్పటి నుంచే మొదలైంది. మన సభ్యుల్లో పెద్దవారి కథనాలు వారాలతో మొదలైతే, చిన్నవారివి గంటలతో మొదలవుతాయి. ఈ తేడాను సరిచేసే ప్రయత్నం చేయకుండా సంకలనంలో అలాగే ఉంచాము.

అట్లాంటిక్‌లో పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని ఓర్టా రేవు గురించి పంపిన సభ్యుడు వాణిజ్య నౌకల నుంచి విరమించాక ఒక పడవను అట్లాంటిక్ దాటించే బృందంలో పనిచేశారు. ఆ రేవులో అలల అడ్డుగోడ మీద, నడకదారి మీద ఒక్క ఖాళీ చదరం లేకుండా బొమ్మలు ఉంటాయి. బొమ్మ వేయకుండా బయలుదేరితే దారిలో కీడు తప్పదని వచ్చిన సిబ్బంది నమ్ముతారు. తాము పాత బొమ్మ ఒకటి పూర్తిగా వెలిసిపోయిన చోటు వెతికి, డెక్ స్టోర్‌లో మిగిలిన నీలం, తెలుపు రంగులతో పడవ పేరు, సంవత్సరం రాశామని, పక్కవారి బొమ్మ మీద చుక్క పడకూడదని కెప్టెనే స్వయంగా గుడ్డ పట్టుకుని కూర్చున్నాడని ఆయన వివరించారు. ఎదురుగా, నీటికి ఆవల, 2,351 మీటర్ల పీకో పర్వతం మబ్బులోంచి శిఖరం మాత్రం చూపుతూ ఉండేదట.

దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవి రాజధాని జేమ్స్‌టౌన్ నిజానికి రేవు అనిపించుకునేంత ఆసరా ఉన్న చోటు కాదు. ఓడ బయటే లంగరు వేస్తుంది, మనుషులు చిన్న లాంచీలో మెట్ల దాకా వెళతారు. అక్కడ పైనుంచి తాళ్లు వేలాడుతూ ఉంటాయి. అల లాంచీని పైకి ఎత్తిన క్షణంలో తాడు అందుకుని మెట్టు మీదికి అడుగు వేయాలి, ఆలస్యమైతే తరువాతి అల దాకా ఆగాలి. ఇంత తంటాలు పడి దిగిన ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందో రాసిన సభ్యుడు, జేకబ్స్ ల్యాడర్ 699 మెట్లూ ఎక్కి పైనుంచి తన ఓడను చూసుకున్నానని, అది ఎప్పుడూ అంత శుభ్రంగా కనబడలేదని ముగించారు. 2017లో దీవికి విమాన సర్వీసులు మొదలయ్యాయి, ఏళ్ల తరబడి తిరిగిన ప్రయాణికుల ఓడ 2018లో విరమించింది.

ఒక కథనం విషయంలో కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. 1967 జూన్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడినప్పుడు ఆ కాలువ దారిలోనే ఉన్న గ్రేట్ బిట్టర్ సరస్సులో 14 ఓడలు చిక్కుకుని 1975 దాకా అక్కడే ఉండిపోయాయి. వేర్వేరు దేశాల సిబ్బంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, సొంత తపాలా బిళ్లలు తయారుచేసుకున్నారు, 1968లో తమలో తామే ఒలింపిక్స్ నడుపుకున్నారు. చివరికి సొంత ఇంజన్ల మీద ఇల్లు చేరినవి రెండు జర్మన్ ఓడలు మాత్రమే. బలవంతంగా వచ్చినదైనా అది ప్రశాంతతేనని కొందరు, మనవాళ్లెవరూ అక్కడ లేరు కాబట్టి ప్రత్యక్ష జ్ఞాపకాల సంకలనంలో దానికి చోటు లేదని మరికొందరు వాదించారు. చివరకు దాన్ని అనుబంధంలో, విన్న కథనంగా, చేర్చాము.

ప్రతి కథనంలోని ఓడ పేరును, సంవత్సరాన్ని ఆ సభ్యుడు ఏయే ఓడల్లో ఎప్పుడు పనిచేశాడో నమోదు చేసే డిశ్చార్జి పుస్తకంతో సరిపోల్చాము. ఒకే ఓడలో, ఒకే ప్రయాణంలో పనిచేసిన ఇద్దరు ఒక రేవు గురించి పరస్పర విరుద్ధంగా చెప్పిన చోట రెండింటినీ పక్కపక్కన ముద్రించాము. తీరంలో పరిచయమైన వ్యక్తుల పేర్లు తొలగించాము, ఎందుకన్నది పెద్దలు అర్థం చేసుకోగలరు. ఒక కథనాన్ని రెండోసారి చదివినప్పుడు ఆ రేవు అంత హాయిగా అనిపించడానికి కారణం రేవు కాదని, ఆ మూడు రోజులు సెకండ్ ఇంజనీరు ఆసుపత్రిలో ఉండటమేనని తేలింది. అయినా దాన్ని తీసివేయలేదు.

ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న సభ్యులు ఈ కార్యక్రమానికి రాసింది తక్కువ. కారణం వారే చెప్పారు. 2004 జూలై 1 నుంచి అమలవుతున్న ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ ఓడల, రేవుల భద్రతా నియమాల వల్ల టెర్మినల్ గేట్లు బిగుసుకున్నాయి, కొత్త టెర్మినళ్లు ఊళ్లకు దూరంగా కడుతున్నారు. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక తీరానికి దిగే సెలవును (షోర్ లీవ్‌ను) గుర్తించింది, ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలని చెప్పింది. కానీ ఓడ పన్నెండు గంటలే ఆగే చోట ఈ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, నిద్రే గెలుస్తుంది. 2020లో మహమ్మారి మూలంగా ఒక దశలో సుమారు 4 లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడల్లోనే ఉండిపోయిన రోజుల్లో రేవు కళ్ల ముందే ఉండేది, కాలు మోపే వీలు లేకుండా. తీరానికి దిగే అనుమతి విషయంలో సభ్యుల అనుభవాలను క్రోడీకరించి సంబంధిత అధికారులకు వినతిపత్రం సమర్పించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాము.

వచ్చే ఏడాది సేకరణ కొనసాగుతుంది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో డెక్ విభాగం వారివే ఎక్కువ. ఇంజన్ రూమ్ వారు తమకు రేవులంటే పోర్ట్‌హోల్‌లో కనబడినంతేనని వెనకాడుతున్నారు. ఆ పోర్ట్‌హోల్‌లో కనబడినదే రాయమని కోరుతున్నాము. వంటగది సిబ్బందికి ప్రతి రేవులో సంతకు వెళ్లి బేరమాడే పని ఉండేది కనుక వారి దగ్గర ఉన్నది మరెవరి దగ్గరా ఉండదు. రాయడం కష్టమైన పెద్దల ఇళ్లకు వచ్చి మాటలు రికార్డు చేయడానికి ఇద్దరు సభ్యులు ముందుకు వచ్చారు, ఎనభై దాటినవారికి ప్రాధాన్యం ఉంటుంది. ఛాయాచిత్రాలు, డిశ్చార్జి పుస్తకాలు పంపేవారు నకళ్లు మాత్రమే పంపాలి, అసలు ప్రతులు దయచేసి తమ వద్దే ఉంచుకోవాలి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి