చిన్న జట్టు, పెద్ద చరిత్ర

సంపాదకులు గారికి,

క్రీడల పేజీలో పెద్ద లీగులకే చోటు దక్కుతోంది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పటకెట్ అనే మిల్లుల ఊరి బేస్‌బాల్ జట్టు కథ మన పాఠకులకూ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పటకెట్ రెడ్ సాక్స్ అమెరికాలో అత్యున్నత బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఆడిన జట్టు. దివాలా తీసిన దశలో, 1977లో, బెన్ మాండర్ దాన్ని కొని నిలబెట్టారు. 1981 ఏప్రిల్ 18 రాత్రి రోచెస్టర్ జట్టుతో మొదలైన ఆట, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగియాల్సింది, స్కోరు సమం కావడంతో తెల్లవారుజామున 4:07 దాకా సాగింది. చలికి తాళలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు తగలబెట్టి చేతులు కాచుకున్నారు. 32 ఇన్నింగ్స్ అయ్యాక ఆపేసరికి స్టేడియంలో మిగిలిన ప్రేక్షకులు 19 మంది! జూన్ 23న మళ్లీ మొదలై, 33వ ఇన్నింగ్స్‌లో 18 నిమిషాల్లోనే పటకెట్ 3-2తో గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత సుదీర్ఘమైన ఆట మరొకటి లేదు. తర్వాత మహామహులైన వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ ఆ రాత్రి చెరో వైపు ఆడారు.

మాండర్ 2010లో కన్నుమూశారు. కొత్త యజమానులు కోరిన స్టేడియంపై ఒప్పందం కుదరక, జట్టు 2021లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు తరలిపోయింది. కొవిడ్ వల్ల 2020 సీజన్ రద్దయి, అభిమానులకు వీడ్కోలు ఆట కూడా దక్కలేదు. నాకు అది అన్యాయమనిపిస్తుంది. పటకెట్‌లో ఆ జట్టు ఆడిన 1942 నాటి మెకాయ్ స్టేడియాన్ని కూడా కూల్చేశారు.

ఇలాంటి జట్ల చరిత్రకు వారానికి ఒక్క కాలమ్ కేటాయించమని నా మనవి.

— ఒక పాఠకుడు, గుంటూరు