కంప్రెసర్ కొనకుండా నన్ను ఆపినవాళ్ళకు

నా కారు వెనక ఎత్తు నిన్న రాత్రి తొమ్మిదింటికి రెండు పక్కలా 37 సెంటీమీటర్లు. ఈ ఉదయం ఆరింటికి రెండు పక్కలా 36.7. చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి, నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచాను. నెల క్రితం ఇదే బండి తెల్లారేసరికి వెనక్కాళ్ళు మడిచి కూలబడ్డ గేదెలా ఉండేది. మధ్యలో జరిగిందంతా మీ చలవే. ఒక్కొక్కరికీ విడిగా రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకోవడం బాగుండదని గ్రూపులో అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

సంగతి తెలియనివాళ్ళ కోసం: బండికి ఇరవై ఏళ్ళు దాటాయి. ముందు వైపు మామూలు స్టీలు స్ప్రింగులే. వెనక మాత్రం స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలోలు. డిక్కీలో ఎంత బరువు పడేసినా హైట్ సెన్సర్ చూసుకుని, కంప్రెసర్ గాలి కొట్టి, వెనక భాగాన్ని ఒకే ఎత్తులో నిలబెడుతుంది. బాగున్నన్నాళ్ళూ రాజభోగమే. మొదట్లో పొద్దున పూట కాస్త దిగి కనిపించేది, స్టార్ట్ చేస్తే నిమిషంలో లేచేది. తర్వాత్తర్వాత లేవడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. ఒకరోజు లేవనే లేదు, డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు. గ్యారేజీలో చూసి "కంప్రెసర్ పోయింది సార్, మార్చాల్సిందే" అన్నారు. ఆర్డరు పెట్టబోతూ, ఎందుకో మనసొప్పక మిమ్మల్ని అడిగాను.

మొదటి దండం నన్ను తిట్టిన అన్నకు. బండిని ఒక్క జాకీ మీద లేపి, కింద తల పెట్టి తీసిన ఫోటో చూసి ఆయన రాసింది రెండే మాటలు: "ముందు బయటికి రా తమ్ముడూ. తర్వాత మాట్లాడదాం." అప్పుడు కాస్త రోషం వచ్చిన మాట నిజం. ఆ తర్వాత ఆయన విడమరిచి చెప్పాక వెన్ను జలదరించింది. ఇలాంటి బండ్లలో తలుపు తీసినా చాలు, కంప్యూటర్ మేలుకుని ఎత్తు సరిచేయబోతుంది. జాకీతో లేపితే వెనక భాగం మరీ పైకి వెళ్ళిందని లెక్కేసుకుని బెలోల్లో ఉన్న గాలి కాస్తా వదిలేస్తుంది. అప్పుడు జాకీ జారితే బాడీని ఆపేదేమీ ఉండదు. ఆరోజు నుంచి ముందు సస్పెన్షన్ ఫ్యూజు తీయడం, బాడీ కింద గట్టి చోట స్టాండ్లు పెట్టడం, ఆ తర్వాతే కిందికి దూరడం. ఈ ఒక్క సలహాకే ఈ పోస్టు రాయొచ్చు.

రెండోది, కొలత పెట్టమన్న పెద్దాయన. లారీలూ బస్సుల ఎయిర్ బ్రేకుల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. "కంప్రెసర్ సంగతి తర్వాత బాబూ. రాత్రి పొడుగునా గంటకోసారి ఎత్తు కొలిచి రాసి చూపించు" అన్నారు. నేల నుంచి కొలవద్దనీ, టైర్లో గాలి తేడా ఉంటే ఆ లెక్క తప్పుతుందనీ, చక్రం మధ్య నుంచే కొలవాలనీ కూడా ఆయనే చెప్పారు.

మొదటి రాత్రి అభాసు పాలయ్యాను. ఒంటిగంటకు 35 ఉన్నది, నేను టేపు పట్టుకుని వంగి ఉండగానే, తాళం కూడా లేని బండి గుర్రుమని 37కి లేచింది. దెయ్యం పట్టినట్టే. బండి ఆపిన తర్వాత కూడా కొన్ని సిస్టంలు మధ్యమధ్యలో మేలుకుని ఎత్తు చూసుకుంటాయని, ఫ్యూజు తీయకుండా కొలిస్తే ఆ లెక్కలు చెత్తబుట్టకేనని మరునాడు మీలో ఇద్దరు ముగ్గురు నవ్వుతూ చెప్పారు. కింద దూరేటప్పుడు తీయాల్సిన ఫ్యూజే కొలిచేటప్పుడూ తీయాలని నాకు తట్టనే లేదు.

రెండో రాత్రి ఫ్యూజు తీసి కొలిచాను. ఎడమ పక్క తొమ్మిదింటికి 37, పదకొండింటికి 36.5, పన్నెండింటికి 36, ఒంటిగంటకు 34, రెండింటికి 32. పొద్దున్నకు 29, అంటే బాడీ ఇంకా దిగకుండా ఆపే బంప్ స్టాపుల మీద కూర్చుంది. కుడి పక్క 37 నుంచి 36కి దిగి ఆగిపోయింది. రెండు పక్కలా దిగింది కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా గాలి పంచే వాల్వ్ బ్లాకే కారుతోందని నేను తీర్పు చెప్పేశాను. అలా కాదమ్మా అని ఒక అక్క ఆపింది. రెండు చక్రాలనూ కలుపుతూ స్టెబిలైజర్ బార్ ఉంటుంది కదా, ఎడమ పక్క కుంగితే అది కుడి పక్కనూ కాస్త కిందికి లాగుతుంది, కుడి బెలో తప్పేం లేకపోవచ్చు అంది. నిజమే. ఆ బార్ నట్లు ఎన్నిసార్లు బిగించానో, అది చేసే పని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

సరే, ఎడమ బెలో మీద సబ్బు నురగ పూశాను. పైపు కీలు, పై మూత, రబ్బరు కూర్చునే కింది పిస్టన్ అంచు, అంతటా. ఒక్క బుడగ లేదు. రెండు రోజులు పూసిందే పూశాను. విసుగొచ్చి కంప్రెసర్ పేజీ మళ్ళీ తెరిచాను కూడా.

అక్కడ పెద్దాయన ఆ అంకెలు ఇంకోసారి చూసి చెప్పిన మాట వింటే ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది. "పన్నెండు దాటాక గంటకు రెండు సెంటీమీటర్లు పోయింది చూడు. అంతకుముందు మూడు గంటలకు కలిపి ఒక్క సెంటీమీటరే పోయింది. చిల్లు ఎప్పుడూ తెరుచుకుని ఉండటం లేదు. నువ్వు సబ్బు పూసేది బండి 37లో ఉన్నప్పుడు. 35కి దిగనిచ్చి పూయి." బెలో రబ్బరు పిస్టన్ మీద మడత పడి, ఎత్తు మారినప్పుడల్లా ఆ మడత కిందికీ పైకీ దొర్లుతుంటుంది. తిరిగొచ్చిన బండిలో వేడెక్కిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బండి కాస్త దిగుతుంది. ఆ కాస్తకే మడత జరిగి, పగులున్న చోటు సరిగ్గా వంపు మీదికి వస్తుంది. వంపులో పగులు నోరు తెరుస్తుంది. మామూలు ఎత్తులో అది మూసుకుని అమాయకంగా ఉంటుంది.

ఆ రాత్రి బండిని 35కి దిగనిచ్చి, స్టాండ్లను ఆ ఎత్తుకు సరిచేసి, టార్చి నోట కరుచుకుని బ్రష్షుతో నురగ పూశాను. లోపలి వైపు, ఇంధనం ట్యాంకు పక్కన, కంటికి ఆనని చోట. ముందు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ. అది పెరిగి, పగిలి, అదే చోట ఇంకోటి. రబ్బరు మడతలో గోరు గీతంత పగులు, వేలితో నొక్కితే బుడగలు ఆగాయి, వదిలితే మళ్ళీ మొదలు. అర్ధరాత్రి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

మరి కంప్రెసర్? పోలేదు. కంప్రెసర్‌కు కరెంటు కలిపే స్విచ్చు, అదే రిలే, పీకి, దాని సాకెట్లో 30, 87 అంకెలున్న రంధ్రాలను ఫ్యూజున్న వైరుతో కొన్ని సెకన్లు కలిపి చూడమన్నది ఇంకో తమ్ముడు. గడగడా తిరిగింది. గంటల తరబడి కారే బెలోకు గాలి కొట్టి కొట్టి వేడెక్కిపోతే, కాలిపోకుండా కంప్యూటర్ దాన్ని కాసేపు ఆపేస్తుందట. గ్యారేజీలో చూసింది సరిగ్గా ఆ సమయంలోనే. వాళ్ళనూ తప్పుపట్టలేను, తిరగని మోటారు కనిపిస్తే ఎవరైనా అదే అంటారు. అరగంట ఆగి చూడాల్సిందంతే. ఆ తమ్ముడి మాట మీద రిలే కూడా కొత్తది వేశాను. పాతదాన్ని విప్పి చూస్తే కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి. అవి అతుక్కుపోతే ఫ్యూజు పోయేదాకానో, మోటారు మాడేదాకానో కంప్రెసర్ ఆగదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది, గాలిలో తేమ పీల్చే డ్రయ్యర్ కథ. కొత్త బెలోలు వేశాక కూడా బండి లేవడం నెమ్మదిగానే ఉంది. కంప్రెసర్ పైపు విప్పితే చెమ్మ, దాంతోపాటు తెల్లటి పిండి. డ్రయ్యర్లోని గుళికలు తడిసి నుజ్జయిపోయాయన్నమాట. ఇవెందుకు తడిశాయో అక్క చెప్పేదాకా నాకు వెలగలేదు. కంప్రెసర్ గాలిని డ్రయ్యర్ గుండా పంపిస్తుంది, తేమ గుళికలకు అంటుకుంటుంది. బండిని దించాల్సి వచ్చినప్పుడు బెలోల్లోని పొడి గాలి అదే డ్రయ్యర్ గుండా వెనక్కి వెళ్తూ ఆ తేమను పట్టుకుపోతుంది. వచ్చిన దారినే పోవాలి. పగులు గుండా పోతే గుళికలు ఆరే అవకాశమే లేదు, పైగా కంప్రెసర్ ఇంకా ఇంకా తడి గాలి లోపలికి తోస్తూనే ఉంటుంది. కంప్రెసర్ వేడెక్కడం, రిలే మాడటం, డ్రయ్యర్ తడవడం మూడు జబ్బులనుకున్నాను; మూడింటికీ మూలం ఆ గోరు గీతే. కొత్త కంప్రెసర్ వేసి ఉంటే అదీ ఏడాది తిరక్కుండా ఇదే దారి పట్టేది. గుళికలు మార్చి, పైపుల్లోనూ వాల్వ్ బ్లాకులోనూ చేరిన పిండి ఊదేశాను.

బెలో ఒకటే మార్చాలా, రెండూ మార్చాలా అని మీరు కొట్టుకున్నంత పని చేశారు. నేను రెండూ మార్చాను. విప్పిన కుడి బెలోను చేత్తో మడిచి చూస్తే, గాలి కారకపోయినా, మడత పొడుగునా ఎండిన చెరువు మట్టిలా సన్నటి నెర్రెలు. రెండూ మార్చమన్నవాళ్ళు గెలిచారు.

బిగించేటప్పుడు కాపాడిన రెండు మాటలు కూడా చెప్పాలి. గాలి పైపు కొస పాత కీలు పట్టిన చోట గీతలు పడి ఉంటుంది కాబట్టి, పదునైన బ్లేడుతో తిన్నగా కోసి కొత్త కొసను దోపమన్నారు. గాలి లేని బెలో మీద బండి బరువు మోపొద్దని పదేపదే చెప్పారు. రబ్బరు అడ్డదిడ్డంగా మడతపడి నలిగితే కొత్తదైనా అక్కడికక్కడే పాడవుతుంది. జాకీ మీద ఉండగానే కాస్త గాలి పట్టించి, మడత గుండ్రంగా కూర్చుందని చూసుకుని, అంగుళం అంగుళంగా దించాను. చివర స్కానర్‌తో ఎత్తు కాలిబ్రేషన్, అంటే సరైన ఎత్తు ఏదో కంప్యూటర్‌కు చెప్పడం, చేయించాను.

స్టీలు స్ప్రింగులు వేసేసి సుఖపడమన్న మిత్రుడికీ కృతజ్ఞతలు. 1957 నాటి కాడిలాక్ ఎల్‌డొరాడో బ్రోమ్‌కు నాలుగు చక్రాలకూ గాలి సస్పెన్షనే ఇస్తే, కారడం భరించలేక చాలామంది యజమానులు స్ప్రింగులు వేయించుకున్నారని ఆయన గుర్తుచేశారు. మాట కొట్టిపారేయలేనిది. కానీ నా డిక్కీ ఖాళీగా ఉండే రోజు తక్కువ, బరువుతో ఉన్నప్పుడు తోక కుంగని బండే నాకు కావాలి.

ఇప్పుడు స్టార్ట్ చేస్తే కంప్రెసర్ పది సెకన్లు కూడా తిరగదు. రాత్రుళ్ళు రాసిన కొలతల కాగితం ఫోటో పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. పెద్దాయన వారం పాటు కొలుస్తూనే ఉండమన్నారు. ఇవాళ మూడో రోజు, టేపు డిక్కీలోనే ఉంది.