వీగన్ అంటే పళ్లెం వరకేనా?

సంపాదకులకు నమస్కారం.

వీగన్ భోజనం, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేని భోజనం, అని బోర్డు పెట్టిన ఒక హోటల్లో మొన్న ముద్దపప్పు మీద చెంచాడు నెయ్యి వేసి తెచ్చారు. ఇదేమిటని అడిగితే ‘మాంసం లేదు కదండీ’ అన్నారు. వారి మీద నాకు కోపం లేదు, పాలూ పెరుగూ నెయ్యీ శాకాహారమేనని మనం తరతరాలుగా అనుకుంటున్నాం. అయితే 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ‘వీగన్’ అనే మాటను పుట్టించిందే పాలు కూడా ముట్టని శాకాహారులను వేరుగా చెప్పడానికి. తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైన పదార్థం వాడనిదే వీగన్ ఆహారమని మన దేశపు 2022 నాటి నిబంధనలూ చెబుతున్నాయి.

నాకు మింగుడుపడనిది మరొకటి. కాఫీలో బాదంపాలు పోసుకుని వీగన్లమని చెప్పుకునేవారే పెళ్లికి పట్టుచీర కట్టుకుని వస్తారు (నా బీరువాలోనూ రెండున్నాయి, అందుకే నన్ను నేను అలా పిలుచుకోను). పురుగు గూడును తొలుచుకుని బయటికి వస్తే దారం తెగుతుంది కనుక, సాధారణంగా దానిని గూటిలోనే ఆవిరికో వేడికో చంపి, ఆ తరువాత దారం తీస్తారు. పురుగు వెళ్లిపోయిన గూళ్లతో అహింసా పట్టు నేయించిన కుసుమ రాజయ్యగారు మన తెలుగువారే. పురుగులను పెంచడమే తప్పనే వీగన్లు దానినీ ఒప్పుకోరు. తిండికే కాదు, బట్టకూ జంతువులను వాడుకోకూడదన్నది వాట్సన్ మిత్రులు పెట్టిన వీగన్ సొసైటీ నిర్వచనం. ‘సాధ్యమైనంత మేరకు’ అనే సడలింపు అందులోనే ఉంది గాని, అది ప్రాణం నిలిపే మందులకు వర్తిస్తుందేమో, పట్టుచీరకు మాత్రం కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ